అయిదంగుళాల కోత

మార్చి 30, శనివారం

అమ్మ పెళ్ళి చేసుకుంటుందట. జూన్ ఎనిమిదిన. ఈ మాట బీన్సు వడ్డిస్తూ చెప్పింది, ఇంకొంచెం రొట్టె వేయనా అని అడిగినంత మామూలుగా.

వరుడు హోయిట్. గ్యాసు ట్యాంకరు తోలుతాడు. ఆరడుగుల నాలుగంగుళాలు ఉంటాడు, టోపీతో కలిపితే ఇంకా ఎక్కువ. ఆ టోపీ అన్నం దగ్గర తప్ప తీయడు. ఒక ప్రశ్న వేస్తే జవాబు వచ్చేలోపు మనం కాఫీ తాగి రావచ్చు.

నాన్న పోయి రెండేళ్ళు. రెండేళ్ళు చాలట.

"నీకేమైనా చెప్పాలనుంటే చెప్పు," అంది అమ్మ.

"బీన్సులో ఉప్పెక్కువైంది," అన్నాను.

ఎక్కువ కాలేదు.

మార్చి 31

నాకు కోపం లేదు. నేను పెళ్ళికి వెళ్ళను, అంతే. ఈ రెండింటికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 3

నేను వెల్డింగు చేసే పైపుల యార్డులో ఇవాళ పన్నెండంగుళాల పైపు మీద చుట్టూ అతుకు వేశాను. ఎక్కడా ఆపలేదు. మా యార్డులో రివాజు ఒకటుంది: మొదలుపెట్టిన అతుకు మధ్యలో ఆపినవాడు అందరికీ సోడాలు కొనిపెట్టాలి. మూడేళ్ళలో నేను ఒక్క సోడా కొనలేదు. ఎవరూ నేర్పలేదు నాకు. చూసి నేర్చుకున్నాను, చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

పక్కన పనిచేసే లజారో అన్నాడు, "నువ్వు పైపు అతకవురా రాయిస్, దాంతో దెబ్బలాడతావు."

"అతుకు ఊడిందా ఎప్పుడైనా?"

"ఊడలేదు. పైపు భయపడి అతుక్కుంటుంది."

ఏప్రిల్ 6, శనివారం

గారేజీలో ఉన్నాను. మెర్క్యురీ కారు మీద కప్పిన గుడ్డ తీసి దుమ్ము దులుపుతున్నాను. అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. స్కూలు క్యాంటీనులో వంట చేసి చేసి ఆమె చేతులు ఎప్పుడూ తడిగా ఉన్నట్టే ఉంటాయి. యాప్రానుకి తుడుచుకుంటూ ఉంది.

"పెళ్ళికి ఇందులో వెళ్దామనుకుంటున్నాం," అంది.

నేను దులుపుతూనే ఉన్నాను.

"నువ్వు తోలాలి. దీని గేర్లు నీకు తప్ప ఎవరికీ లొంగవు."

"నేను రానన్నాను కదా."

"అన్నావు. కారు వస్తుంది కదా."

"కారు నాన్నది."

"నేనూ ఇరవై మూడేళ్ళు మీ నాన్న మనిషినేరా," అంది అమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేది, నేనూ పెంచేవాణ్ణి. లోపలికి వెళ్ళిపోయింది.

హోయిట్ ఈ కారులో. నాన్న సీట్లో వీపు ఆనించి, ఆ టోపీ పెట్టుకుని.

నాన్న దీన్ని కొన్నప్పుడు నాకు రెండేళ్ళు. యాభయ్యో సంవత్సరం మోడలు, ముదురాకుపచ్చ, రెండు తలుపులు. కొన్న రోజునుంచీ ఒకటే మాట: వచ్చే వేసవిలో టాపు కోద్దాం, పిల్లర్లు తగ్గించి మూడంగుళాలు దింపుదాం, పాములా పాకుతుంది రోడ్డు మీద. ప్రతి వేసవీ అన్నాడు. ప్రతి వేసవీ ఆయిలు బావుల దగ్గర డబుల్ డ్యూటీ పడింది. ఆదివారాలు దీని చుట్టూ తిరిగేవాడు, చెయ్యి అడ్డం పెట్టి ఒక కన్ను మూసి చూసేవాడు. రంపం మాత్రం పట్టలేదు.

ఏప్రిల్ 11

యార్డులో మిగిలిన సన్న పైపు ముక్కలు నాలుగు కోసి తెచ్చుకున్నాను. ఊరికే.

ఏప్రిల్ 14, ఈస్టరు

కోశాను.

అమ్మా, నోలా అక్కా, ఆమె మొగుడూ పొద్దున్నే చర్చికి వెళ్ళారు. హోయిట్ వచ్చి తీసుకెళ్ళాడు. పోతూ పోతూ గారేజీ వైపు చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

ఉన్నట్టుండి అనిపించింది, ఇవాళే కోసేద్దామని. పైపు ముక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అవి తలుపుల సందుల్లో అడ్డంగా అతికించుకోవాలి ముందు, లేకపోతే టాపు తీయగానే కారు ఒళ్ళు విచ్చుకుని తలుపులు ఇక జన్మలో పడవు. అద్దాలు నిన్ననే విప్పి పెట్టాను, శుభ్రం చేద్దామని. 

అద్దాల మధ్య నిలువు పిల్లర్లకి టేపు వేసి గీతలు పెట్టాను. మూడంగుళాలకి పెట్టాను. కాసేపు దూరం జరిగి చూశాను. టేపు పీకేసి అయిదుకి పెట్టాను. అయిదైతేనే టాపుకి ఆ ఒంపు నిలుస్తుంది. ఎవరైనా అదే చెప్తారు.

తర్వాత లజారో దగ్గర తెచ్చిన కరెంటు రంపం ఆనించాను. మొదటి పిల్లరు తెగడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంత తేలిగ్గా తెగుతుందని నాన్నకి తెలుసో లేదో. ఆ శబ్దానికి పక్కింటి కుక్క ఏడుపు లంకించుకుంది. ఆఖరి పిల్లరు తెగేముందు దూలానికి బరువులెత్తే చెయిన్ బ్లాకు కట్టి టాపు బిగించాను. తెగింది. టాపు ఉట్టిలా గాల్లో వేలాడింది, కింద కారు నోరు తెరుచుకుని ఉంది. 

నాకు ఊపిరాడినట్టయింది. ఎన్నాళ్ళకో.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ఇంకా అలాగే ఉన్నాను. అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. పసుపు రంగు టోపీ, కొత్త చేతి తొడుగులు. వెనక హోయిట్, గారేజీ గుమ్మానికి తల తగలకుండా వంగి.

నోలా లోపలికి వచ్చేసింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నాన్న కోద్దామనేవాడు కదక్కా."

ఆమె కింద పడున్న పిల్లరు ముక్క ఒకటి తీసింది. నోలాది జుట్టు కత్తిరించే పని, కొలతలు వేళ్ళలోనే ఉంటాయి. వేళ్ళు పెట్టి కొలిచింది. "నాన్న మూడన్నాడు. ఇది అయిదుంది. మిగతా రెండూ ఎవరి కోసం కోశావు?"

"ఒంపు కోసం."

నోలా నెమ్మదిగా హోయిట్‌ని బూట్ల దగ్గరనుంచి టోపీ దాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. హోయిట్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మాంసం చల్లారిపోతుంది," అంది అమ్మ, ఎవరినీ చూడకుండా. "చేతులు కడుక్కుని రండి అందరూ."

నేను వెళ్ళలేదు. సాయంత్రం టూల్‌బాక్సు మీద పళ్ళెం ఉంది, మూత పెట్టి. తిన్నాను. ఆకలి సంగతి వేరు.

ఏప్రిల్ 16

అమ్మ మాట్లాడటం లేదు. మాట్లాడటం లేదని చెప్పడానికి కూడా వీల్లేదు. టిఫినుకి పిలుస్తుంది, బట్టలు ఉతికి మంచం మీద పెడుతుంది. పెళ్ళి మాట ఎత్తదు. కారు మాట ఎత్తదు.

ఏప్రిల్ 19

ఇవాళ ఎత్తింది. "మబ్బు పట్టింది. గారేజీ కారుతుంది, దాని మీద ఏదైనా కప్పు. సీట్లు తడుస్తాయి."

అంతే.

ఏప్రిల్ 21, ఆదివారం

టాపు దింపి కూచోబెట్టాను. కూచోలేదు. 

పిల్లర్లు నిటారుగా ఉండవు, లోపలికి వాలి ఉంటాయి. మధ్యలో అయిదంగుళాలు తీసేస్తే పై ముక్క కింది ముక్కకి ఎదురుగా రాదు. ముందు వైపు సరిపెడితే వెనక తేలిపోతుంది, వెనక సరిపెడితే ముందు. మూడైతే పిల్లర్లు కాస్త వంచి సర్దుకోవచ్చు. అయిదుకి ఆ దారి లేదు. టాపుని మధ్యలో అడ్డంగా రెండుగా కోసి, సందులో కొత్త రేకు వేసి అతకాలి. ఇటు చివర నుంచి అటు చివర దాకా రెండు పొడుగాటి అతుకులు.

అతుకులంటే నాకు లెక్కేంటి.

ఏప్రిల్ 28

టాపు రెండు ముక్కలు చేశాను. పాత ట్రంకు మూత నుంచి రేకు కోసి సందులో సరిపెట్టాను. చక్కగా కూచుంది. హోయిట్ భోజనానికి వచ్చాడు. అయిదు నిమిషాలు గుమ్మంలో నిలబడి చూశాడు.

"బావుంది," అన్నాడు.

మీకేం తెలుసని అనబోయాను. అప్పటికే వెళ్ళిపోయాడు. వాడి నడక కూడా నచ్చదు నాకు. ఎక్కడికీ ఆలస్యం కానట్టు నడుస్తాడు.

మే 5, ఆదివారం

రేకు నాశనం.

పొద్దున వెల్డింగు టార్చి వెలిగించాను. మనసు ఏమీ బాగాలేదు, రాత్రి అమ్మ ఫోన్లో నవ్వుతుండగా విన్నాను. ఆ నవ్వు నాన్న ఉన్నప్పుడు నేను వినలేదు. విన్నానేమో, గుర్తులేదు. అతుకు మొదలుపెట్టాను, ఎడమ చివర నుంచి. చెయ్యి ఆపలేదు. ఎక్కడా ఆపలేదు. కుడి చివరకి వచ్చేసరికి వేసిన అతుకు చూసి నాకే ముచ్చటేసింది, కుట్టుమిషను మీద కుట్టినట్టుంది. రెండోది కూడా అదే ఊపులో వేసేశాను.

టార్చి ఆపాక చప్పుడు మొదలైంది. టక్. టక్. రేకు చల్లారుతూ ముడుచుకుంటుంది. నా కళ్ళ ముందే టాపు కాగిన పాల మీది మీగడలా ముడతలు పడింది. ఒక చోట నొక్కితే ఇంకో చోట లేస్తుంది. సుత్తి తీసుకుని కొట్టాను. ఇంకా లేచింది. ఇంకా కొట్టాను.

అమ్మ వంటింటి కిటికీ మూసిన చప్పుడు వినబడింది.

మే 7

లజారో పని దిగాక వచ్చి చూశాడు. వాడు సెలవు రోజుల్లో ఇంట్లో కారు రేకుల టింకరింగ్ చేస్తాడు. టాపు చుట్టూ తిరిగి, అరచేత్తో నిమిరి, ఇంత నవ్వు నవ్వాడు.

"మధ్యలో ఆగావా?"

"ఆగలేదు."

"అందుకే. ఇక్కడెవరూ నిన్ను సోడాలు కొనమనరు కదరా. పైపు మందం, ఎంత వేడైనా మింగుతుంది. రేకు మింగదు. అంగుళం అతుకు, వదిలెయ్. అవతలి చివరకి పో, అక్కడ అంగుళం. వేడి మీదుండగానే పైనుంచి సుత్తితో కొట్టి సాపు చెయ్యి, కింద ఒకడు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. తడిగుడ్డ వెయ్యి. చెయ్యి పెడితే కాలకూడదు, అప్పుడు మళ్ళీ మొదటి చోటికి."

"అలా అయితే ఎప్పటికి తెమిలేను?"

"తెమలదు. అదే చెప్తున్నా. ఇప్పుడా రేకు మొత్తం కోసి పారేసి ఇంకోటి వెయ్యాలి. ఒక్కడి పని కాదు. దిమ్మ పట్టడానికి ఎవరున్నారు నీకు?"

"నువ్వు రా."

"మా ఆవిడకి నెలలు నిండాయి. శనాదివారాలు కదిలితే చంపుతుంది. ఇంకెవరున్నారు?"

నేను ఆలోచించాను. "ఎవరూ లేరు."

"అయితే అందులో కోళ్ళు పెంచుకో," అని వెళ్ళిపోయాడు.

మే 12, ఆదివారం

మదర్స్ డే. నోలా పూలు తెచ్చింది. నేను ఏమీ తేలేదు. పొద్దంతా ముడతల రేకు కోసి పారేశాను. పిల్లర్ల దగ్గర మాత్రం అతుకులు బాగున్నాయి, అక్కడ ఇనుము మందం.

సాయంత్రం వంటింట్లోంచి నోలా గొంతు: "వాడు రాకపోతే పోనీ అమ్మా. వాడి కోసం పెళ్ళి ఆపుతావా?"

అమ్మ ఏమందో వినబడలేదు. నేను సుత్తి పట్టుకుని వినడానికి నిలబడ్డాను. అయినా వినబడలేదు.

మే 13

ఆపమని నేనెప్పుడన్నాను?

మే 18, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త రేకు సరిపెట్టి, ఒక్కణ్ణే మొదలుపెట్టాను. అంగుళం అతకడం, టార్చి పక్కన పెట్టడం, గబగబా కారులోకి దూరి కింద దిమ్మ ఆనించడం, పైన కొట్టడానికి చెయ్యి చాలకపోవడం. నాలుగుసార్లు ఇలా అయ్యాక సుత్తి గోడకేసి కొట్టాను.

హోయిట్ గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలీదు. ముఖమంతా చెమట.

"నడిచొచ్చారా?"

"ట్యాంకరు మిల్లు దగ్గర పెట్టాను. ఇక్కడ మంట ఉంది కదా. నిండు ట్యాంకరు మంట దగ్గరకి తేకూడదు." ఎండ నూరు ఫారెన్‌హీటు దాటింది. మిల్లు దగ్గరనుంచి అర మైలు.

"అమ్మ ఇంట్లో ఉంది," అన్నాను.

"తెలుసు." చెమట తుడుచుకుని, "ఆ ఇనప ముక్క పట్టుకోవాలని లజారో చెప్పాడు. వాళ్ళింట్లో గ్యాసు నింపడానికి వెళ్ళాన్లే. నాకు పని తెలీదు. పట్టుకోమన్న చోట పట్టుకుంటాను."

నాకు రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. రెండూ మింగాను. టాపు అలా సగం అతికి ఉంది, నాకు వేరే దారి లేదు. టాపు సంగతి వేరు.

టోపీ తీసి స్టూలు మీద పెట్టాడు. నుదుటి మీద టోపీ అంచు ఆనే చోట తెల్లగా గీత ఉంది, కింద ముఖమంతా ఎండకి కమిలి. కారులోకి దిగడానికి పెద్ద తతంగమే అయింది. ముందు కాళ్ళు పెట్టాడు, తర్వాత నడుం, తర్వాత తల పట్టలేదు. బయటికి వచ్చి మళ్ళీ తల ముందు పెట్టాడు. సీట్లు తీసేసి ఉన్నాయి కాబట్టి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు, మోకాళ్ళు గడ్డం దగ్గరకి వచ్చాయి. నేను చూస్తూ ఉన్నాను. ఇది చూడాలనే కదా.

నవ్వు రాలేదు.

"ఇక్కడ," అని పైనుంచి వేలితో కొట్టాను. కింద దిమ్మ ఆనింది. అతికాను, కొట్టాను. సుత్తికి కింద దిమ్మ జవాబిచ్చింది, గంట మోగినట్టు.

"ఇంకొంచెం కుడికి."

"నీ కుడా, నా కుడా? నేను తిరగబడి ఉన్నాను."

"నా కుడి."

"సరే."

తడిగుడ్డ వేసి అవతలి చివరకి వెళ్ళాను. లోపల అతను జరుగుతున్న చప్పుడు, మోకాలు ఎక్కడో తగిలిన చప్పుడు. మళ్ళీ అంగుళం. మళ్ళీ ఆగడం. ఆ ఆగడం నా వల్ల కావడం లేదు. చేతులు టార్చి వైపే పోతున్నాయి. రెండుసార్లు చల్లారకముందే టార్చి పెట్టబోయాను, రెండుసార్లూ కిందనుంచి, "ఇంకా కాలుతుంది," అన్నాడు. అరచెయ్యి రేకుకి ఆనించి ఉంచాడట.

అలా ఆగి ఉన్నప్పుడు అన్నాను. మనిషి కనబడకపోతే ఎంత మాటైనా వస్తుంది. 

"మా నాన్న ఉంటే ఈ కారులో మిమ్మల్ని కాలు పెట్టనిచ్చేవాడు కాదు."

నేను తడిగుడ్డ పిండాను.

"పెట్టనిచ్చాడు," అన్నాడు హోయిట్. రేకు కింద గొంతు దగ్గరగా, డబ్బాలోంచి వచ్చినట్టుంది. "ఒకసారి టాఫ్ట్ ఊరి దగ్గర నా బండి ఆగిపోయింది. మీ నాన్న డాయిల్ అటు వస్తున్నాడు, నన్నెక్కించుకుని ఇంటిదాకా దింపాడు. దారంతా ఈ టాపు గురించే చెప్పాడు. మూడంగుళాలు దింపుతాడట."

"అవును. మూడు."

"ఇది అయిదు కదా."

పిండిన గుడ్డ రేకు మీద వేశాను.

"నాకు అర్థమైందిలే ఎందుకో. ఆ రోజే అర్థమైంది. తల వంచుకుని కూచుంటానన్నాను మీ అమ్మతో. ఆమె ఏడ్చింది."

"ఎందుకు? కారు కోసమా?"

"కారు ఎవరిక్కావాలి రాయిస్? ఇందులో ఎక్కితే పెట్రోలు వాసనకి కడుపులో తిప్పుతుంది ఆమెకి. నీకు తెలీదా? మీ నాన్నకి చెప్పలేదు ఎప్పుడూ. నాకు చెప్పింది." దిమ్మ నేల మీద పెట్టిన చప్పుడు. "నువ్వు రానన్నావు. కారు వస్తే, దాని కోసమైనా వస్తావని ఆ ఆలోచన చేసింది. నా పికప్పు ఉంది కదా, దాంట్లో పోవచ్చు మేం."

పక్కింటి కుక్క ఎందుకో మొరిగింది.

"చల్లారింది," అన్నాడు.

చెయ్యి పెట్టి చూశాను. చల్లారింది. టార్చి వెలిగించాను. అంగుళం అతికాను. చీకటి పడేదాకా ఇంకేమీ మాట్లాడుకోలేదు, కుడి ఎడమ తప్ప.

మే 19, ఆదివారం

వచ్చాడు. చొక్కా నిండా నిన్న నిప్పురవ్వలు పడిన చిల్లులు. అదే చొక్కా. సగం పైగా అయింది.

భోజనానికి అమ్మ గారేజీ గుమ్మంలోకి తెచ్చి పెట్టింది. ఇద్దరం నేల మీద కూచుని తిన్నాం. అమ్మ కాసేపు అక్కడే నిలబడింది. రొట్టె వేయనా అని అడిగింది. వెయ్యి అన్నాను.

మే 25

రేకు ముడత పడలేదు. ఎక్కడా.

మే 28

లజారోకి కూతురు పుట్టింది. యార్డులో అందరికీ సోడాలు కొన్నాను. "నీ అతుకు ఆగిందా ఏంటి?" అన్నారు. వాడి కూతురి కోసం అన్నాను.

జూన్ 1, శనివారం

అతుకులన్నీ అయ్యాయి. హోయిట్ బయటికి వచ్చి నడుం పట్టుకుని నిలబడ్డాడు, నిటారుగా కావడానికి కాస్త సమయం పట్టింది. కారు నుంచి దూరంగా నడిచి వెళ్ళి చూశాం. పొద్దు వాలింది. టాపు నీడ గోడ మీద పడింది, పొడుగ్గా, ఒకే ఒక్క గీతలా.

"పాములా పాకుతుందనేవాడు," అన్నాడు హోయిట్.

కళ్ళు తుడుచుకున్నాను. పొగ.

రేపు పుట్టీ, ప్రైమరు. ముందు అద్దం కోసి చిన్నది చేయడానికి ఇక సమయం లేదు. అద్దాలు లేకుండానే.

దేనికి అద్దాలు లేకుండా? నేను వెళ్తానని ఎవరికీ చెప్పలేదు.

జూన్ 4

అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు. నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించి ఉంది.

జూన్ 7, శుక్రవారం

సీట్లు బిగించాలి. వెనక సీటు బయటపెట్టి కాసేపు చూశాను. తర్వాత దిండు విప్పి, కింద స్ప్రింగులు సగానికి పైగా కోసేశాను. కింద ఇనప చట్రం కూడా తీసేసి దిండుని నేల మీదే కూచోబెట్టాను. నాలుగంగుళాల పైనే దిగింది. నేనెక్కి వెనక్కి ఆనుకుని కూచున్నాను. తర్వాత నెత్తి మీద రెండు పిడికిళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూచున్నాను. పట్టింది.

సీటు పాతది. ఎలాగూ మార్చాల్సిందే.

జూన్ 8, శనివారం

పొద్దున నోలా వచ్చి అమ్మకి జుట్టు సింగారించింది. రెండు గంటలు పట్టింది, మీద డబ్బా డబ్బా స్ప్రే. నేను తెల్ల చొక్కా వేసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"ముందు అద్దం లేదు," అన్నాను. "దుమ్ము కొడుతుంది. పురుగులు కొడతాయి."

అమ్మ లేచి నిలబడింది. చొక్కా కాలరు సర్దింది. 

నోలా అంది, "రెండు గంటలు కష్టపడ్డాను. ఆ గాలికి ఒక్క వెంట్రుక లేచినా నిన్ను నడిరోడ్డు మీద తంతాను. కళ్ళ సంగతేంటి?"

నా వెల్డింగు కళ్ళజోళ్ళు రెండున్నాయి. ఒకటి అమ్మకిచ్చాను, నల్లద్దం తీసి తెల్లద్దం వేసి. జుట్టు మీద స్కార్ఫు కట్టుకుని, లేత నీలం గౌను మీద ఆ కళ్ళజోడు పెట్టుకుంది.

"పెళ్ళికూతురేనా, బావిలోకి దిగబోతోందా?" అంది నోలా. అమ్మ నవ్వింది. ఫోన్లో విన్న నవ్వే. నాన్న ఉన్నప్పుడు కూడా ఇలాగే నవ్వేది. విన్నాను నేను.

ఎక్కేముందు ఆపి, "వాసన వస్తుందేమో," అన్నాను.

"అద్దాలే లేవు కదరా. వాసన ఎక్కడ నిలుస్తుంది?" అంది. ముందు సీట్లో, నా పక్కన కూచుంది.

రోడ్డు మీద జనం ఆగి చూశారు. బూడిద రంగు ప్రైమరు, అద్దాల్లేవు, టాపు భుజాల మీదకి దిగి ఉంది. నాలుగు రోడ్ల సిగ్నలు దగ్గర ఎర్ర లైటు చూసి దూరంనుంచే వేగం తగ్గించాను. గీత దగ్గర ఆగాక లైటు కనబడలేదు. టాపు అంచు అడ్డం వచ్చింది. వంగాను. ఇంకా వంగాను. స్టీరింగు ఛాతీకి అడ్డం. పద్దెనిమిదేళ్ళు టాపు గురించి మాట్లాడాం ఇంట్లో, ఈ సంగతి ఎవరూ అనుకోలేదు. 

అమ్మ నా అవస్థ చూసింది. కళ్ళజోడు సర్దుకుని, ముందుకి జరిగి, గడ్డం డాష్‌బోర్డు మీద పెట్టి, పైకి చూసింది. అలాగే ఉంది, లైటు మారేదాకా.

"పచ్చ పడింది నాన్నా," అంది. "పోనీ."

పోనిచ్చాను.

పెళ్ళి గురించి రాయను. అయింది. వెనక వరసలో కాదు, ముందే కూచున్నాను, నోలా చెయ్యి పట్టి లాగింది.

బయటికి వచ్చాక అందరూ కారు చుట్టూ చేరారు. హోయిట్ పికప్పు పక్కనే ఉంది, తాళాలు చేతిలో ఉన్నాయి. నేను మెర్క్యురీ తలుపు తీసి, ముందు సీటు వీపు వంచి పట్టుకున్నాను. అతను నన్ను చూశాడు. తాళాలు జేబులో వేసుకున్నాడు. ముందు తల పెట్టి, తర్వాత నడుం, తర్వాత కాళ్ళు. అలవాటైంది. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, ఇరుక్కుంటాడని. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి గాని, వెనక్కి ఆనుకున్నాడు. తల నిటారుగా ఉంది. టాపుకి చెయ్యి తాకించి చూశాడు. దిండు కిందకి చెయ్యి పెట్టి చూశాడు.

"వంచాల్సిన పని లేదే," అన్నాడు.

"సీటు పాతది," అన్నాను. "దిగబడింది."

అమ్మ అతని పక్కన కూచుంది. ఇంటిదాకా వెనక్కి చూడలేదు నేను. సిగ్నలు దగ్గర పక్క కారువాణ్ణి చూసి కదిలాను.

జూన్ 9, ఆదివారం

పొద్దున ఇద్దరూ పికప్పులో సముద్రం వైపు వెళ్ళారు. గురువారం వస్తారు. అమ్మ ఫ్రిజ్ నిండా వండి పెట్టింది, నాకు చేతుల్లేనట్టు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉండలేక మెర్క్యురీ తీశాను. నాలుగు రోడ్ల దగ్గర ఆగాను. లైటు కనబడలేదు. ఎంతసేపు ఉన్నానో తెలీదు, వెనక ఎవడో హారను కొట్టాడు, అప్పుడు పోనిచ్చాను.

ముందు అద్దం ఇక కోయాల్సిందే. రెండు పలకలూ టేబులు మీద పెట్టి గీతలు గీసుకున్నాను. కోసేటప్పుడు అటువైపు ఒకరు బరువు ఆనించి పట్టుకోవాలి, కదిలితే పగుళ్ళు బారుతుంది. మధ్యాహ్నం నోలా మొగుడు ఫోను చేశాడు, ఖాళీగా ఉన్నాను, ఇప్పుడే వచ్చి పడతాను, గంటలో అయిపోతుంది అన్నాడు.

వద్దన్నాను. అతని చేతులకి ఓపిక ఉండదు. 

గాజు కోసే చక్రం ఒకసారి చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను. గురువారం ఆయన వస్తాడు.